నెయ్యన్నం తిన్న మూడు గంటలకు: ఒక పాల మూత్రం కేసు

పేషెంటు వయసు 52. కోనసీమలో కొబ్బరికాయలు ఒలిచే పని. రెండేళ్లుగా అప్పుడప్పుడూ మూత్రం తెల్లగా వస్తోంది. ఏడాదిలో బరువు 61 కిలోల నుంచి 49కి పడిపోయింది. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆగకుండా కాయ ఒలిచిన మనిషి ఇప్పుడు గంట పని చేస్తే కూలబడిపోతున్నారు. ఒకసారి మూత్రంలో జిగురు ముద్ద అడ్డుపడి రాత్రంతా ఒంటికి వెళ్లలేకపోయారు. ఆ భయంతోనే మా ఆసుపత్రి యూరాలజీకి వచ్చారు. డైటీషియన్‌గా నాకు అందిన చీటీలో ఒక్క వాక్యమే ఉంది: ప్రొటీన్ ఎక్కువగా ఉన్న డైట్ రాయగలరు.

ఆయన అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. కొవ్వు ఒంటికి పట్టే దారి గురించి తెలియకపోతే ఇలాంటి మనిషికి ఎంత మంచి తిండి పెట్టినా వృథా అయిపోతుంది. అందుకే వివరంగా రాయాలనిపించింది.

మా దగ్గరికి రాకముందు ఆయన రెండు చోట్ల చూపించుకున్నారు. మొదటి చోట ‘ధాతువు పోతోంది’ అని నెలల తరబడి లేహ్యం తినిపించారు. తెల్ల మూత్రం అనగానే మన ఊళ్లలో ముందు వచ్చే అనుమానం అదే. దాంతో మనిషి సిగ్గుపడి భార్యకు కూడా సరిగ్గా చెప్పుకోలేకపోయారు. రెండో చోట మూత్రంలో ప్రొటీన్ 3 ప్లస్, కాళ్ల వాపు, రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువ, ఈ మూడూ చూసి కిడ్నీ జబ్బుగా భావించి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. కిడ్నీల నుంచి ప్రొటీన్ కారిపోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లోనూ ఈ మూడూ ఉంటాయి కాబట్టి ఆ అనుమానం రావడం సహజమే. కానీ నెఫ్రోటిక్‌లో రక్తంలో కొలెస్ట్రాల్ సాధారణంగా బాగా పెరుగుతుంది. ఈయనకు 118 మాత్రమే ఉంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, అంటే మామూలే, స్కాన్‌లో కిడ్నీలు రెండూ బాగానే ఉన్నాయి. అల్బుమిన్ మాత్రం 2.6. కనీసం 3.5 ఉండాలి. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు 700, అంటే ఉండాల్సిన కనీస సంఖ్య వెయ్యి కంటే తక్కువ. విటమిన్ డి 11, అదీ తక్కువే. ఈ చివరి రెండు అంకెలను అల్బుమిన్ పక్కన పెట్టి చూస్తే పోతున్నది ఒక్క ప్రొటీన్ కాదని తెలుస్తుంది.

నేను మామూలుగా మొదలుపెట్టే ప్రశ్నతోనే మొదలుపెట్టాను. నిన్న పొద్దున్నుంచి పడుకునేదాకా ఏం తిన్నారు?

‘పొద్దున్న చద్దన్నమండి, మజ్జిగేసుకుని. మధ్యానం పప్పు, ఆవకాయ. రాత్రి మాంసం కూరండి, మొన్న మా బావమరిది వచ్చాడు కదండీ’ అన్నారు. తెలుపు ఎప్పుడు ఎక్కువగా కనిపిస్తుందని అడిగాను. ‘తెల్లారగట్లండి. మధ్యానానికి తేటగా వచ్చేస్తదండి’ అన్నారు. భార్య అందుకుని, ‘పండగలకీ పబ్బాలకీ ఎక్కువమ్మా, సంక్రాంతికైతే అచ్చం పాలే’ అంది.

వాళ్లమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒక నోట్‌బుక్కులో గళ్లు గీసి, ఒక వైపు తిన్నది, ఇంకో వైపు మూత్రం రంగు రాయమన్నాను. రంగుకు మూడే మాటలు పెట్టుకున్నాం: నీళ్లు, మజ్జిగ, పాలు. పది రోజులకు ఆ పిల్ల తెచ్చిన నోట్‌బుక్కు నేను చూసిన అందమైన మెడికల్ రికార్డుల్లో ఒకటి. ఆదివారం రాత్రి రొయ్యల వేపుడు, సోమవారం తెల్లారి ‘పాలు’. బుధవారం రాత్రి చారన్నం, గురువారం తెల్లారి ‘నీళ్లు’. శ్రాద్ధ భోజనంలో గారెలు, బూరెలు తిని వచ్చిన సాయంత్రం ‘పాలు’, పక్కనే చిన్న అక్షరాలతో ‘ముద్దలు కూడా’. ఉపవాసం ఉన్న శనివారం రోజంతా ‘నీళ్లు’. ప్రొటీన్‌కీ రంగుకీ సంబంధం కనిపించలేదు. కందిపప్పు, కోడిగుడ్డు తెల్లసొన తిన్న రోజుల్లో తేటగానే ఉంది. నూనె, నెయ్యి, మాంసం కొవ్వు తిన్న ప్రతిసారీ కొన్ని గంటల తేడాతో తెలుపు వచ్చింది.

యూరాలజిస్టుతో మాట్లాడి వార్డులోనే నెయ్యి పరీక్ష పెట్టాం. రాత్రి పన్నెండు తర్వాత ఏమీ తినలేదు. పొద్దున్న ఏడింటికి పట్టిన మూత్రం గాజు గొట్టంలో అవతలి అక్షరాలు చదువుకునేంత తేటగా ఉంది. ఎనిమిదింటికి వేడన్నంలో 30 గ్రాముల నెయ్యి కలిపి పెట్టాం. ఆయన ఎంతో కాలానికి నెయ్యన్నం తింటున్నట్టు తృప్తిగా తిన్నారు. తొమ్మిదింటి గొట్టం తేట. పదింటిది కొంచెం మబ్బు పట్టింది. పదకొండింటిది చిక్కటి పాలు. దాన్ని కదపకుండా నిలబెడితే కాసేపటికి మూడు పొరలుగా తేరింది: పైన కొవ్వు మీగడ, మధ్యలో వదులుగా పేరుకున్న ముద్ద, అడుగున కణాల మడ్డి. విడిగా తీసిన కొంచెం మూత్రంలో ల్యాబ్‌వాళ్లు ఈథర్ పోసి ఊపితే తెలుపు విడిపోయి తేటపడింది. చీము వల్లనో ఫాస్ఫేట్ల వల్లనో వచ్చే తెలుపు అలా ఈథర్‌లో కరగదు. మూత్రంలో ట్రైగ్లిజరైడ్లు చూస్తే 340. మామూలు మూత్రంలో అవి ఉండనే ఉండకూడదు. అదే మధ్యాహ్నం సిస్టోస్కోపీ చేస్తే, అంటే మూత్రాశయంలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తే, ఎడమ కిడ్నీ నుంచి వచ్చే నాళం మూతి దగ్గర తెల్లటి ధార కనిపించింది. కుడివైపు తేటగా ఉంది.

దీని పేరు కైలూరియా. పొద్దున్న తిన్న నెయ్యి మూడు గంటల్లో మూత్రంలో ఎలా తేలింది? దీనికి జవాబు జీర్ణక్రియలో మనం సరిగ్గా చెప్పుకోని ఒక భాగంలో ఉంది.

అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా, పప్పులోని ప్రొటీన్ అమినో ఆమ్లాలుగా మారి చిన్నపేగు గోడలోని రక్తకేశనాళికల్లోకి దిగుతాయి. అక్కణ్ణుంచి పోర్టల్ సిర వాటిని నేరుగా కాలేయానికి చేరుస్తుంది. నెయ్యి, నూనె ఆ దారిన పోవు. పైత్యరసం కొవ్వును సన్నటి బిందువులుగా చేస్తుంది. క్లోమరసంలోని లైపేజ్ దాన్ని కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిజరైడ్లుగా విడదీస్తుంది. ఇవి పేగు కణం లోపలికి వెళ్లాక మళ్లీ కలిసిపోయి ట్రైగ్లిజరైడ్లు అవుతాయి. విడదీసి, మళ్లీ కలపడం ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. విడదీయకపోతే అవి కణంలోకి దూరలేవు. మళ్లీ కట్టకపోతే నీళ్లలాంటి రక్తంలో అంత కొవ్వును మోసుకెళ్లడం కుదరదు. అందుకని కణం వాటి చుట్టూ పల్చటి ఫాస్ఫోలిపిడ్ పొర, కాస్త ప్రొటీన్ తొడిగి కైలోమైక్రాన్ అనే బొట్టుగా తయారుచేసి వెనక గోడ నుంచి బయటికి నెడుతుంది. విటమిన్ ఏ, డి, ఈ, కె కూడా ఆ బొట్టులోనే ప్రయాణం చేస్తాయి.

ఆ బొట్టు మామూలు రక్తకేశనాళిక గోడలో పట్టదు, చాలా పెద్దది. పేగు లోపలి గోడ మీద వేళ్లలా పొడుచుకొచ్చే ప్రతి ఆంత్రచూషకం నడిమధ్యలో ఒక మూసుకుపోయిన కొసతో మొదలయ్యే లింఫ్ నాళం ఉంటుంది. దాన్ని లాక్టియల్ అంటారు. (కణజాలాల్లో మిగిలిన ద్రవమే లింఫ్, దాన్ని తిరిగి రక్తంలోకి చేర్చేవి లింఫ్ నాళాలు.) దాని గోడలోని కణాల మధ్య సందులు పెద్దవి, కైలోమైక్రాన్లు అందులోకి దూరిపోతాయి. ఆంత్రచూషకంలోని సన్నటి కండర తంతువులు ముడుచుకున్నప్పుడల్లా లాక్టియల్‌లోని ద్రవం ముందుకు కదులుతుంది. కొవ్వుతో తెల్లబడిన ఆ లింఫునే కైల్ అంటాం. అది పేగుల మధ్య పొరల్లోని నాళాల గుండా వచ్చి, నడుము పైభాగంలో వెన్నెముక ముందున్న సిస్టర్నా కైలై అనే సంచిలో చేరుతుంది. అక్కణ్ణుంచి థొరాసిక్ డక్ట్ గుండా, పెద్దవాళ్లలో సుమారు 40 సెంటీమీటర్ల దూరం ఛాతీలో పైకి ఎక్కి, ఎడమ మెడ మొదట్లో పెద్ద సిరలు కలిసే చోట రక్తంలో పడుతుంది. అంటే తిన్న కొవ్వు కాలేయాన్ని పక్కన పెట్టి ముందు గుండెకు చేరుతుంది.

1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి అనే శస్త్రవైద్యుడు, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్ట తెరిచినప్పుడు పేగుల మీద తెల్లటి నాళాలు చూశాడు. తిండి పెట్టని మరో కుక్కలో అవి కనిపించలేదు. వార్డులో ఏడింటి గొట్టం, పదకొండింటి గొట్టం పక్కపక్కన పెట్టి చూస్తున్నప్పుడు నాకు ఆ రెండు కుక్కలే గుర్తొచ్చాయి. అసెల్లి ఆ నాళాలు కాలేయానికి వెళ్తాయనుకున్నాడు. అవి థొరాసిక్ డక్ట్ ద్వారా మెడ దగ్గరి సిరలకు చేరతాయని 1651లో ఫ్రాన్స్‌లో జాన్ పెకే చూపించాడు. ఈ రోజు నేను పేషెంటుకు ఏ నూనె పెట్టాలి, ఏది పెట్టకూడదు అని నిర్ణయించేది ఆ దారి పటం చూసుకునే.

మా పేషెంటుకు ఆ దారిలో అడ్డు పడింది. ఫైలేరియా పురుగు, ఉకరేరియా బాంక్రాఫ్టీ, బతికేది లింఫ్ నాళాల్లోనే. మురికినీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. ఏళ్ల తరబడి పురుగులు అందులో ఉండటంతో నాళాలు వెడల్పై, లోపలి కవాటాలు పాడవుతాయి. కాలు వైపు నాళాలు దెబ్బతింటే బోదకాలు. కడుపు వెనక వైపున కైల్ వచ్చే పెద్ద నాళాలు దెబ్బతింటే ద్రవం పైకి పోలేక వెనక్కి తిరిగి కిడ్నీ లింఫ్ నాళాల్లోకి ఎగదన్ని, అక్కడ చిట్లి మూత్రంలోకి కారుతుంది. డెల్టా మనిషికి దీన్ని చెప్పడం తేలిక. ‘పంట కాలువ రక్తనాళం, మురుగు కాలువ లింఫ్ నాళం అనుకోండి. డ్రెయిన్ దిగువన పూడుకుపోతే నీళ్లు ఎటు పోతాయి?’ అన్నాను. ‘వెనక చేలోకి ఎగదన్నేత్తదండి, ఆయ్’ అన్నారు వెంటనే. తన జబ్బు ధాతువు కాదని ఆయనకు నమ్మకం కుదిరింది అప్పుడే. భార్య ముఖం చూడాలి, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

కారుతున్నది కొవ్వు ఒక్కటే కాదు. కైల్‌లో అల్బుమిన్, ఇతర ప్రొటీన్లు, లెక్కలేనన్ని లింఫోసైట్లు, కొవ్వులో కరిగే విటమిన్లు ఉంటాయి. అందుకే బరువు తగ్గడం, వాపు, లింఫోసైట్లు 700, విటమిన్ డి 11. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ కూడా కాస్త పెరిగి 1.4 ఉంది, విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక సరిపడింది. విడివిడిగా చూస్తే నాలుగు జబ్బుల్లా కనిపించేవి అన్నీ ఒకే కన్నం నుంచి పోతున్నవి.

ఇక చీటీలో అడిగిన ప్రొటీన్ డైట్ సంగతి. తిన్న ప్రొటీన్ పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది, కాలేయం అల్బుమిన్ చేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రొటీన్ కోసం మాంసం కూర, గుడ్డు వేపుడు పెడితే దాంతోపాటు వెళ్లిన కొవ్వు కైల్ ప్రవాహాన్ని పెంచుతుంది. ఆ ప్రవాహం పెరిగే కొద్దీ కిడ్నీ దగ్గర కారడం పెరుగుతుంది, దాంట్లో అల్బుమిన్ కూడా కొట్టుకుపోతుంది. ప్రొటీన్ పెంచకముందే కొవ్వును కట్టడి చేయాలి. ఈ కేసులో నా నిర్ణయాలన్నీ దీని మీదే నడిచాయి.

‘నూనె మానేయండి’ అని ఒక్క మాట చెప్పి పంపేస్తే మాత్రం అది అన్యాయం. ఇప్పటికే 49 కిలోలున్న మనిషికి నూనె తీసేసి చారన్నం మిగిల్చితే కైల్ ఆగుతుంది, మనిషి ఇంకా ఎండిపోతాడు. భార్య కూడా అదే భయపడింది. కేలరీలు లింఫ్ దారిన పోకుండా రావాలి. దానికి ఒక మార్గం ఉంది. కొవ్వు ఆమ్లం గొలుసులో 8 లేదా 10 కార్బన్లే ఉంటే పేగు కణం దాన్ని కైలోమైక్రాన్‌లో కట్టదు. అవి అల్బుమిన్‌ను పట్టుకుని పోర్టల్ సిర దారినే కాలేయానికి పోతాయి. ఎంసీటీ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్, అంటే మధ్యరకం గొలుసుల కొవ్వు) నూనె అంటే అదే. గ్రాముకు 8.3 కేలరీలు, మామూలు నూనె కంటే కొంచెమే తక్కువ.

‘అయితే మన కొబ్బరి నూనె వాడుకోవచ్చాండీ? ఫోన్‌లో అదే చెప్తున్నారు’ అని అమ్మాయి అడిగింది. కోనసీమ పిల్లకు ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. కొబ్బరి నూనెలో 8, 10 కార్బన్ల ఆమ్లాలు కలిపి సుమారు 15 శాతమే. దాదాపు సగం ఉండేది లారిక్ ఆమ్లం, దానిలో 12 కార్బన్లు. పుస్తకాల్లో దాన్ని మధ్యరకంలో కలిపేస్తారు కానీ అందులో చెప్పుకోదగ్గ భాగం లింఫ్ దారినే పోతుంది. మిగతాది ఎలాగూ పొడవు గొలుసులే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొబ్బరి తినొచ్చు, ఈ పేషెంటుకు కొబ్బరి నూనె ఎంసీటీకి బదులు కాదు. పచ్చికొబ్బరి, కోరు కూడా కొన్నాళ్లు ఆపించాను. చుట్టూ కొబ్బరితోట ఉన్న ఇంట్లో ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది.

వేసిన ప్లాను ఇది. రోజుకు సుమారు 2,000 కేలరీలు, 70 గ్రాముల ప్రొటీన్, మామూలు కొవ్వు 20 గ్రాముల లోపు. పొద్దున్న ఇడ్లీ, లేదా పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు, వాటికి నూనె చుక్క అక్కర్లేదు. దోసె, పెసరట్టు వద్దు. మధ్యాహ్నం అన్నం, గట్టిపప్పు. రోజంతటి తాలింపులకీ కలిపి ఒక టీస్పూను పొద్దుతిరుగుడు నూనె. అది పూర్తిగా తీసేయలేదు, ఎందుకంటే ఒంట్లో తయారుకాని లినోలీయిక్ ఆమ్లం ఎంసీటీలో ఉండదు. రోజుకు నాలుగు గుడ్ల తెల్లసొన. వెన్న తీసిన మజ్జిగ. రొయ్యల్లో కొవ్వు చాలా తక్కువ, ఆయన మానాల్సింది వేపుడునే, కాబట్టి చింతపండు పులుసులో ఉడికించి పెట్టమన్నాను. చేపల్లో కొరమేను సరే, పులస వద్దు, దాని ఒళ్లంతా నూనే. ఆవకాయ బదులు నూనె వేయని నిమ్మకాయ పచ్చడి. పులస, ఆవకాయ రెండూ వద్దంటే గోదావరి మనిషి నోట మాట రాదు. ఆయన మాత్రం ‘పర్లేదండి’ అన్నారు.

ఎంసీటీ నూనె మొదట భోజనానికి ఒక టీస్పూను. ఒక్కసారి ఎక్కువ వేస్తే కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. మూడు వారాల్లో మెల్లగా రోజుకు 35 మిల్లీలీటర్ల దాకా పెంచాం. పొయ్యి మీద కాచకూడదు, త్వరగా పొగ వచ్చేస్తుంది. వండిన పప్పులోనో ఇడ్లీ కారప్పొడిలోనో కలుపుకోవాలి. ఇది ఖరీదైన నూనె, ఊళ్లో మందుల షాపుల్లో దొరకదు. ఎన్నాళ్లు వాడాలో ముందే చెప్పి, నెలకు ఎంత అవుతుందో లెక్కగట్టి ఇచ్చాను. కొనలేకపోయిన నెల ఏం చేయాలో కూడా రాసిచ్చాను: అన్నం, బెల్లం, అరటిపండు పెంచాలి, నూనె మాత్రం పెంచకూడదు.

రాత్రి రక్తపరీక్షలో మైక్రోఫైలేరియా, అంటే పురుగు పిల్లలు, కనిపించలేదు, పురుగు ఆనవాలు పట్టే యాంటిజెన్ కార్డు మాత్రం పాజిటివ్. ఫిజీషియన్ డీఈసీ (డైఇథైల్ కార్బమజీన్) మాత్రలు కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టారు. ఏటా ఇంటింటికీ తెచ్చి ఇచ్చే బోదకాలు మాత్రల్లోనూ ఇదే ఉంటుంది. ఈ మందు 1947లో అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో వచ్చింది. ఆయన పుట్టింది భీమవరంలో, ఫైలేరియా పాతుకుపోయిన ఈ గోదావరి నేలలోనే. ఆ సంగతి చెబితే పేషెంటు మాత్ర చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. మందు పురుగును చంపుతుంది కానీ పాడైన నాళాన్ని బాగుచేయదు. ఇంట్లో మిగతా ఇద్దరికీ పరీక్షలు చేయించాం, నెగెటివ్ వచ్చాయి. ఏటా ఇచ్చిన మాత్రలు మింగకుండా అటక మీద పెట్టేసేవాళ్లమని అమ్మాయి చెప్పింది.

రెండు వారాలకు పగటి మూత్రం తేటపడింది, తెల్లారి మాత్రం ‘మజ్జిగ’. ఆరు వారాలకు అల్బుమిన్ 3.1, కాళ్ల వాపు పోయింది. వాపు పోయినా బరువు 51కి ఎక్కింది, అంటే కండే పట్టింది. అంతలో సంక్రాంతి వచ్చింది. అరిసెలు రెండు తిన్నానని ఆయనే ఫోన్ చేసి చెప్పారు, మర్నాడు మళ్లీ పాలు. డైట్ కన్నాన్ని పూడ్చలేదు, దాని గుండా పోయే ప్రవాహాన్ని తగ్గించింది, అంతే. జీవితాంతం ఇలా 20 గ్రాముల కొవ్వుతో బతకమనడం సబబు కాదని యూరాలజిస్టు, నేను కలిసి అనుకున్నాం. ఎడమ కిడ్నీ నాళంలో సన్నటి గొట్టం పెట్టి, బాగా పల్చన చేసిన పొవిడోన్ అయోడిన్ ద్రావణం ఎక్కించారు. చిట్లిన సన్నటి నాళాలు దాంతో వాచి మూసుకుపోతాయి. రెండు రోజులు నడుంనొప్పి, కొంచెం జ్వరం, తర్వాత మామూలే. తెలుపు ఆగిపోయింది.

ప్రొసీజర్ అయ్యాక కూడా మూడు నెలలు అదే డైట్ ఉంచాను. కొత్తగా మూసుకున్న చోట కైల్ ఒత్తిడి పడకూడదని. తర్వాత వారానికో టీస్పూను చొప్పున మామూలు నూనె కలుపుకుంటూ, ఎంసీటీ తగ్గించుకుంటూ వచ్చాం. అమ్మాయి నోట్‌బుక్కు ఆపలేదు. ఆరో నెలలో అల్బుమిన్ 3.8, లింఫోసైట్లు 1,500, బరువు 56. మళ్లీ నెయ్యి పరీక్ష పెట్టాం, పదకొండింటి గొట్టం కూడా తేటగానే ఉంది. ఇప్పుడు రోజుకు మూడు టీస్పూన్ల నూనె, వారానికి ఒక రోజు కొవ్వు తీసిన మాంసం, ఆవకాయ నూనె వంపేసి. కైలూరియా తిరగబెట్టే జబ్బు కాబట్టి మూడు నెలలకోసారి అల్బుమిన్, లింఫోసైట్లు, తెల్లారి మూత్రం చూస్తున్నాం. మళ్లీ ‘మజ్జిగ’ అని రాస్తే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే 20 గ్రాముల డైట్‌కి వెళ్లి ఫోన్ చేయమని నోట్‌బుక్కు అట్ట లోపల రాసిచ్చాను.